మనసు మెత్తనివాళ్లు గోదావరి డెల్టాలో ఇల్లూ పనీ కుదుర్చుకోవడం ఎలా

పక్కింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడతారు. పెళ్లికి వెళ్లొస్తే మర్నాడంతా పడకే. ఎవరో ఇంకెవర్నో కసిరితే ఆ మాట రెండు రోజులు మీ చెవిలోనే తిరుగుతుంది. ఇంట్లోవాళ్లు దీనికి పెట్టే పేర్లు మీకు తెలిసినవే: అతి సుకుమారం, పిరికితనం, నాజూకు వేషాలు. 1990లలో ఎలైన్ ఆరన్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ అతి సున్నిత స్వభావాన్ని పరిశోధించారు. 100 మందిలో 15 నుంచి 20 మంది ఇలా ఉంటారని ఆమె అంచనా. ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చే తీరు.

ఇలాంటివాళ్లకు అందరూ చెప్పేది ‘ముందు జీవితంలో ఓ లక్ష్యం పెట్టుకో’ అని. ఆ వరస తిరగేయండి. నిద్ర చాలని మనిషి దగ్గర ఏ లక్ష్యమూ పది రోజులు నిలవదు. ముందు రాత్రి నిద్ర, తర్వాత గది, తర్వాత ఇంట్లో మనుషులు, ఆఖర్న పని. పని ఆఖర్న వచ్చినా దాన్ని తక్కువ చేయకండి. మన ఊళ్లలో పనే ఇంటికి ప్రహరీ గోడ. మీరేం చేస్తారో తెలియనంతకాలం ‘ఏం చేస్తున్నావ్, ఎందుకిక్కడున్నావ్, పెళ్లెప్పుడు’ అని వీధి వీధంతా అడుగుతుంది. ‘ఆవిడ పిల్లలకు లెక్కలు చెప్తారండీ’ అన్న ఒక్క వాక్యం ఊళ్లో పడిందంటే ఆ ప్రశ్నలు సగం ఆగిపోతాయి.

ముందు పద్నాలుగు రోజుల లెక్క

ఓ చిన్న నోటుపుస్తకంలో పేజీకి మూడు గడులు గీయండి: టైము, ఏం తగిలింది, ఎంతసేపటికి తేరుకున్నారు. ‘మనసు బాగోలేదు’ అని రాస్తే పనికిరాదు. ‘సాయంత్రం 6, టీవీ సీరియల్ గోల, గంట’ అని రాయండి. పద్నాలుగు రోజులయ్యాక తగిలినవాటిని చప్పుడు, వాసన, వెలుతురు, జనం, పోట్లాట, పరాయివాళ్ల బాధ అని విడదీయండి. చాలామందికి వీటిలో రెండే పెద్దవిగా తేలతాయి. ఇల్లు ఆ రెండింటికోసం చూసుకోవాలి. ఆరింటికీ సరిపోయే ఇల్లు దొరకదు, వెతకొద్దు.

లెక్క రాస్తుండగా ఇంకో సంగతి బయటపడొచ్చు. చప్పుడూ జనమూ లేని రోజు కూడా ఏమీ చేయబుద్ధి కాకపోవడం, రెండు వారాలకు పైగా నిద్రా తిండీ తప్పడం, బతుకు మీద విరక్తి ఉంటే అది సున్నితత్వం కాదు. ఇల్లు మారితే తగ్గేదీ కాదు. డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఊరు ఎంచుకోవడం

డెల్టా అంతా పచ్చగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుందని హైదరాబాదు నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. పచ్చదనం నిజం. నిశ్శబ్దం మాత్రం ఊరినిబట్టి, నెలనుబట్టి, వేళనుబట్టి.

భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల వైపు ఇల్లు చూస్తుంటే ముందు చెరువు ఎంత దూరమో చూడండి. పగలు వెళ్తే రొయ్యల చెరువులు ప్రశాంతంగా కనిపిస్తాయి. అసలు మోత రాత్రే. పొద్దుగూకాక నీళ్లలో నాచుకు ఎండ ఉండదు, ఆక్సిజన్ తయారవదు. ఉన్నదాన్ని రొయ్యా నాచూ కలిసి వాడేస్తాయి. తెల్లవారుజామున అది మరీ అడుగంటుతుంది. అందుకని రైతు రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటార్లు, తిప్పుతాడు. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ అందుకుంటుంది. పైగా రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చగా ఉంటుంది కాబట్టి చప్పుడు పైకి పోకుండా కిందికి వంగి, నీళ్ల మీదుగా చాలా దూరం పాకుతుంది. ఆ రైతును తప్పుపట్టి లాభం లేదు, గంటసేపు ఏరియేటర్ ఆగితే పంటే పోవచ్చు. మీరే దూరం జరగాలి.

రైస్ మిల్లుల ఊళ్లలో ఊక బూడిద గాలివాటుకు ఎటు పడుతుందో చూడాలి. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట చెప్పేస్తుంది. అనపర్తి, బిక్కవోలు వైపు కోళ్లఫారాలు ఉంటాయి. గాలి తిరిగినప్పుడు వాసన, వానాకాలం ఈగలు. కొబ్బరి పీచు యూనిట్ పక్కన సన్నటి దుమ్ము. సార్వా (వానాకాలం వరి) కోతల తర్వాత, మళ్లీ దాళ్వా (రెండో పంట) కోతల తర్వాత గడ్డి తగలబెట్టే చోట్ల వారం పది రోజులు కళ్లు మండుతాయి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు కాలవగట్టు ఇళ్లకు అడుగు బురద వాసన వస్తుంది. జనవరిలో కాలువ నిండుగా పారుతుండగా ఇల్లు చూసి మురిసిపోయినవాళ్లు మేలో వెనక కిటికీ తెరవలేక ఉక్కపోతలో ఉంటారు.

గోదావరి పాయల మధ్య లంకల్లో నిశ్శబ్దం నిజంగానే ఉంటుంది. దాని ఖరీదు వరద. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏటిగట్టుకు లోపలున్న ఇల్లయితే 1986లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, 2022 జులైలో ఎంతవరకు వచ్చాయి అని ఇంటివాళ్లను కాదు, ఎదురింటివాళ్లను అడగండి. గోడ మీద గుర్తు చూపిస్తారు. వరద భయం మీ నోటుపుస్తకంలో రాత్రి నిద్ర చెడగొట్టే రకమైతే ఏటిగట్టుకు బయటివైపే ఉండండి. గట్టు పక్క ఊళ్లలోనూ పొలాలూ కొబ్బరితోటలూ ఉంటాయి, ఏటి గాలీ వస్తుంది.

రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురంలో రేవుకెళ్లే వీధుల్లో ఇల్లు చూస్తుంటే ఇంకో లెక్క ఉంది. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్లీ 2027లో. ఆ 12 రోజులూ ఆ వీధులు మీవి కావు. ఆ వారాలకు ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోండి.

ఇల్లు నచ్చాక నాలుగు వేళల్లో చూడందే అడ్వాన్స్ ఇవ్వొద్దు: సాయంత్రం ఏడు, రాత్రి పదకొండు, తెల్లవారుజాము నాలుగున్నర, ఆదివారం పొద్దున్న. ప్రతిసారీ పావుగంట, ఫోను జేబులో పెట్టి, పడకగది కిటికీ దగ్గర నిలబడండి. ఫోనులో చప్పుడు కొలిచే యాప్ పక్కాగా చెప్పదుగానీ రెండిళ్లను పోల్చుకోడానికి చాలు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. రాత్రంటే పది నుంచి ఆరు దాకా. కిటికీ మూసి, ఫ్యాను ఆపాక గదిలో 40 లోపు ఉంటే ఆ ఇల్లు మీకు పనికొస్తుంది.

మైకు సంగతి

దీనికి విడిగా చెప్పాలి. డెల్టాలో సున్నితమైన మనిషిని ఊరు విడిచిపోయేలా చేసేది వరదో తుపానో కాదు, మైకు. ధనుర్మాసంలో తెల్లవారకముందే తిరుప్పావై, ఆదివారం ప్రార్థన, వినాయకచవితి పందిరి, దసరా, సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర మైకులు, మధ్యలో పెళ్లి డీజేలు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదనేది రూలు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. 112కి ఫోన్ చేసే హక్కు మీకుంది. కానీ కొత్తగా చేరిన ఊళ్లో మొదటి పలకరింపు పోలీసు ఫోనైతే ఆ ఊళ్లో మీకు ఇంక నిలవనీడ ఉండదు.

చేయాల్సింది వేరు. కోన్ మైకు ముఖం ఎటుంటే చప్పుడు అటే ఎక్కువ పోతుంది. వెనకా పక్కలా బాగా తగ్గుతుంది. పందిరి వేసే రోజు, మైకుసెట్ కుర్రాడు స్తంభమెక్కి కోన్ కడుతుండగానే వెళ్లాలి. ముందు కమిటీ పెద్దకు చందా ఇవ్వండి, అడక్కముందే. తర్వాత కింద నిలబడి ‘బాబూ, ఇంట్లో నిద్ర పట్టనివాళ్లున్నారు, కాస్త పొలాలవైపు తిప్పి కడతావా’ అనండి. తీగ చుట్టి బిగించేశాక అడిగితే దిగినవాడు మళ్లీ ఎక్కడు, అడిగిన మీ మీద చిరాకు పడతాడు. ఆ అరగంటా దాటిపోకూడదు. ‘సౌండ్ తగ్గించండి’ అంటే ఎవరూ వినరు, తగ్గించినా సాయంత్రానికి ఇంకో కుర్రాడు పెంచేస్తాడు. దిక్కు మారిస్తే పండగంతా అలాగే ఉండిపోతుంది.

దూరం లెక్క కూడా తెలిసుండాలి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా చప్పుడు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 మీటర్ల దగ్గర 80 ఉంటే 160 మీటర్లకు 56. అంటే గుడికి, చర్చికి, కల్యాణమండపానికి రెండు వీధుల అవతల ఇల్లు చూసుకుంటే చాలా భాగం తీరిపోతుంది. అద్దె ఓ వెయ్యి ఎక్కువైనా ఫరవాలేదు.

చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్లలు మాటల్ని, మైకు పాటను బాగానే ఆపుతాయి. ఏరియేటర్ గుడగుడలాంటి లోతు చప్పుడుకు అంతగా పనిచేయవు. పెట్టుకునే పద్ధతి: సన్నగా నలిపి, ఎదురుచేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి అరనిమిషం వేలితో అదిమిపట్టాలి. మన ఉక్కలో రోజూ రాత్రంతా పెట్టుకుంటే చెవిలో తడి నిలిచి ఫంగస్ పట్టొచ్చు. వారంలో మూడు నాలుగు రాత్రులే వాడండి, మురికైనవి పారేయండి, దురద మొదలైతే పూర్తిగా ఆపేయండి.

గది

ఇంట్లో ఒక్క గది మీకు దక్కితే చాలు. వీధివైపు గది వద్దు, దొడ్డివైపుది అడగండి. పాత మండువా లోగిలిలో వాటా దొరికితే అందానికి పడిపోకండి. మండువా చుట్టూ గదులన్నీ ఒకే ఆకాశం కిందికి తెరుచుకుంటాయి కాబట్టి ఆ మూల దగ్గు ఈ మూలకు వినిపిస్తుంది. ఒకే కుటుంబానికి అది బ్రహ్మాండమైన ఇల్లు, నాలుగు వాటాలకు కాదు. బంగాళా పెంకుటిల్లు రాత్రికి తొందరగా చల్లబడుతుంది. డాబా పగలు తాగిన వేడిని రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. డాబా అయితే మార్చిలోనే పైన తెల్లసున్నం రెండు పూతలు వేయించండి.

వట్టివేళ్ల తడకల మీద ఆశ పెట్టుకోకండి. పొడి వడగాలి వీచే రోజుల్లోనే అవి చల్లబరుస్తాయి. సముద్రం నుంచి తేమగాలి వచ్చే రోజుల్లో ఉక్క ఇంకా పెంచుతాయి. డెల్టా గోడలు కింద మూడు నాలుగడుగులు చెమ్మెక్కుతాయి. అలాంటి గోడకు ప్లాస్టిక్ రంగు వేస్తే పొక్కులొచ్చి బూజు వాసన పట్టేస్తుంది, వాసన పడనివాళ్లకు అది పెద్ద శిక్ష. సున్నమే వేయించి, బీరువా గోడకు రెండంగుళాలు ఎడంగా పెట్టండి. లైటు కొనేటప్పుడు డబ్బా మీద ‘వార్మ్ వైట్’ అని, 2700 లేదా 3000 అని ఉన్నది చూసుకోండి. తెల్లటి ట్యూబులైటు వంటింటికి ఉంచుకోవచ్చు.

కొబ్బరిచెట్టు నీడ కిటికీ మీద పడుతుంటే హాయిగానే ఉంటుంది, కానీ మంచమున్న గది పైకప్పు మీదికి వాలిన చెట్టుంటే గాలివాన రాత్రి మీకు కునుకు పట్టదు. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లు ఈ మాట మీకంటే ముందే అంటారు.

ఇంట్లోవాళ్లు, వీధివాళ్లు

గది తలుపు వేసుకుంటే మనిళ్లలో కోపం వచ్చిందనే అర్థం. అమ్మ వచ్చి తలుపు కొడుతుంది, అత్తగారు కొట్టకుండా ఊరంతా చెబుతుంది. అందుకని తలుపు వేసే టైము ముందే చెప్పి, రోజూ అదే టైముకు వేయండి. ‘అత్తయ్యా, భోజనాలయ్యాక రెండు నుంచి మూడు దాకా పడుకుంటానండీ, మూడున్నరకు టీ నేనే పెడతాను’ అనండి. టీ సంగతి తప్పనిసరి. తలుపు తెరుచుకున్నాక ఏం జరుగుతుందో తెలిస్తే మూసుకున్నందుకు ఎవరూ బాధపడరు. నాకు మనశ్శాంతి కావాలి, నన్నెవరూ కదిలించొద్దు అంటే మాత్రం అది ఇంట్లోవాళ్ల మీద ఫిర్యాదుగా వినిపిస్తుంది.

వీధికి మందు అరుగే. రోజూ సాయంత్రం ఒకే వేళకు, ఐదున్నర నుంచి ఆరు దాకా అనుకుందాం, అరుగు మీదో గేటు దగ్గర కుర్చీలోనో కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలో బీరకాయో ఉండనివ్వండి. చేతికి పనుంటే కళ్లలోకి చూడక్కర్లేదు, మాట మధ్యలో ఆగినా బాగుంటుంది. వచ్చేపోయేవాళ్లు ‘ఏం కూరండీ’ అంటారు, చెప్పండి. ఎక్కడికెళ్లారంటారు, అదీ చెప్పండి. ఆ అరగంటలో మీరు అందరికీ దొరుకుతారని తెలిశాక మిగతా రోజులో తలుపు కొట్టేవాళ్లు బాగా తగ్గుతారు. కనిపించని మనిషినే వెతుక్కుంటూ వస్తారు. నెల రోజులైనా మానకుండా కూర్చోవాలి. వారం కూర్చుని పదిరోజులు మాయమైతే ‘ఏమైందండీ, ఒంట్లో బాలేదా’ అని ఇంటికే వచ్చేస్తారు, ఆయ్.

పెళ్లిళ్లకు వెళ్లకుండా ఉండకండి, చుట్టరికం పోతుంది. మొదటి పంక్తిలో తినేసి, చదివింపులు రాయించి, అమ్మాయి తల్లికి కనిపించి వచ్చేయండి. గంటన్నర చాలు. స్పీకరుకు ఎదురుగా కాకుండా దాని వెనకవైపు వరసలో కూర్చోండి.

పని

ఏ పని చూసినా మూడు ప్రశ్నలు వేయండి. చేస్తున్నంతసేపూ ఎవరైనా నెత్తిమీద నిలబడి చూస్తారా? ఇవాళ్టి పని ఇవాళ అయిపోయిందని కంటికి కనిపిస్తుందా? రోజుకు ఎంతమంది బాధ మీ చెవిన పడుతుంది? మొదటిదానికి లేదు, రెండోదానికి ఔను, మూడోదానికి ముగ్గురికి మించదు అని వస్తే ఆ పనిలో దిగొచ్చు.

కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్కలకు అంట్లు కట్టే పని మొదటి రెండింటికీ సరిపోతుంది. చేరేటప్పుడే అంట్ల షెడ్డులో పని అడగండి. లారీ లోడింగు, అమ్మకం వైపు పడితే జనమూ అరుపులూ తప్పవు. పురుగుమందు కొట్టే రోజు వాసన పడదు, ఆ రోజు సెలవు ముందే మాట్లాడుకోండి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంట్లో కూర్చుని చేసుకునే పని, చేతికి నిదానం. కానీ మధ్యవర్తుల చేతుల మీదుగా వచ్చేసరికి కుట్టినవాళ్లకు మిగిలేది తక్కువ. దాని మీదే ఇల్లు గడుస్తుందనుకోవద్దు. ట్యూషనైతే ఆరుగురు పిల్లలు, ఒక గంట. పన్నెండు మందిని కూర్చోబెడితే అది బడే.

ఈ స్వభావానికి అన్నిటికన్నా బాగా కుదిరే పని డెల్టాలో ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉంది, దానికింకా పేరు పెట్టలేదంతే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా. వాళ్లను బ్యాంకుకు, ఆసుపత్రికి తీసుకెళ్లడం, మందుల డబ్బా వారానికోసారి సర్దడం, పింఛనుకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించడం, వీడియో కాల్ కలిపివ్వడం. కాళ్ల వాపు, కంచంలో వదిలేసిన అన్నం, మొన్నటికన్నా నెమ్మదించిన నడక మీ కంటికి అందరికన్నా ముందు పడతాయి. ఇన్నాళ్లూ తిట్లు తిన్న ఆ చూపే ఇక్కడ పనికొస్తుంది.

పద్ధతి ఇది. మూడిళ్లు, అంతకు మించొద్దు. ఇంటికి వారంలో రెండు రోజులు, రోజుకు గంటన్నర, వేళ మారకూడదు. డబ్బు నెలకింత అని పెద్దవాళ్లతో కాదు, పిల్లలతో మాట్లాడుకోండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా. పెద్దావిడ ‘మా అమ్మాయిలాంటిదానివి, నీకు డబ్బేంటి’ అంటుంది. ప్రేమగానే అంటుంది, అయినా ఉచితంగా చేస్తే రెండో నెలకల్లా వేళాపాళా లేకుండా పిలుపులొస్తాయి, కాదనలేక మీరే ఆ వీధి తప్పించి పుంతదారిన నడుస్తారు. ప్రతిసారీ వచ్చాక పిల్లలకు మూడు ముక్కలు పంపండి: బీపీ ఎంత, ఏం తిన్నారు, మందులు ఎన్ని రోజులకున్నాయి. కోడలి మీద ఆవిడ చెప్పింది అందులో రాయకూడదు. అక్కడే ఈ పని చెడేది. బాధ విని మోసుకొచ్చి అవతలివాళ్లకు దించుదామనుకుంటారు, ఇద్దరికీ మధ్యలో మీరు పడతారు, మూడు రాత్రులు నిద్ర ఉండదు. విన్నది విన్నచోటే వదిలి, ఇంటికొచ్చాక స్నానం చేసి, వెంటనే చేతిపనిలో దిగండి.

ఆరు వారాలయ్యాక మళ్లీ పద్నాలుగు రోజుల లెక్క రాయండి. తేరుకునే టైము మొదటి పుస్తకంలోకన్నా తగ్గితే పని సరైందే. పెరిగితే ముందు ఇళ్లు మూడు నుంచి రెండుకు దించి, ఇంకో నెల చూడండి, అప్పుడే పని మానేయొద్దు. ఈలోగా నాలుగో ఇంటివాళ్లు తప్పకుండా కబురు పెడతారు. వాళ్లకు చెప్పడానికి ఓపిగ్గా ఉండే ఇంకో ఇద్దరి పేర్లు ముందే కనుక్కుని పెట్టుకోండి. ‘నాకు కుదరదండీ’ అని ఊరుకుంటే మళ్లీ అడుగుతారు, పేరు చెబితే అటు వెళ్తారు.